సందక్‌ఫూ వెళ్దామనుకుంటున్నారా, ముందు ఏ ముక్క నడుస్తారో తేల్చుకోండి

ఒడిశాలో మా పర్లాకిమిడిలో ఈ మధ్య ఏ పెళ్ళికెళ్ళినా ఎవరో ఒకరు పక్కన కూర్చుని "సందక్‌ఫూ వెళ్ళొచ్చావంట కదా, మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎలా ఉంటాదేటి" అని మొదలెడుతున్నారు. బెంగాల్‌లో డార్జిలింగ్ పక్కనున్న ఆ కొండల మీదికి నేను వెళ్ళింది రెండుసార్లు. మొదటిసారి నవంబర్‌లో మా బావా నేనూ మొత్తం నడిచాం. రెండోసారి ఏప్రిల్‌లో మా ఆవిడ, పిన్ని, మేనకోడలితో కొంచెం నడిచి కొంచెం జీపెక్కి వచ్చాం. అందుకని అడిగినోళ్ళందరికీ నేను తిరిగి వేసే ప్రశ్న ఒకటే, ఏ ముక్క నడుస్తారు? దానికి వాళ్ళు నా మొహం చూస్తారు, ముక్కేటి, సందక్‌ఫూ అంటే సందక్‌ఫూయే కదా అని.

కాదండీ. అది మన మహేంద్రగిరి లాగా ఒక కొండెక్కి దణ్ణం పెట్టుకుని దిగొచ్చే వ్యవహారం కాదు. సింగలీలా అని ఉత్తర దక్షిణంగా పోయే పొడుగాటి కొండ వరస, దాని వీపు మీద నడక. పొలం గట్టు మీద నడుస్తుంటే ఇటు మీ మడి, అటు పక్కోడి మడి ఉంటాయి చూడండి, సరిగ్గా అలాగ, కుడి చేతి వైపు మన డార్జిలింగ్ జిల్లా, ఎడం చేతి వైపు నేపాల్ వాళ్ళ ఇలాం జిల్లా, ఇంకా పైకి పోతే సిక్కిం. టీ ఇండియాలో తాగి అన్నం నేపాల్లో తింటాం, మధ్యలో కంచె ఉండదు, సరిహద్దు కాపలా కాసే ఎస్ఎస్‌బీ జవాన్ల చెక్‌పోస్టుల్లో ఆధార్ చూపించి పేరు రాయిస్తే చాలు. ఫోన్ నేపాల్ టవర్ పట్టుకుందంటే గడియారం 15 నిమిషాలు ముందుకి దూకేస్తుంది, మా బావ అలారం అలాగే ఒకరోజు పావుగంట ముందే మోగి అందర్నీ లేపేసింది.

మొత్తం నడిస్తే మానేభంజన్ నుంచి సందక్‌ఫూ, అక్కణ్ణుంచి ఫాలుట్, గోర్ఖే మీదుగా శ్రీఖోలా దాకా 80 కిలోమీటర్ల పైచిలుకు, ఆరు రోజులు. మనలో అంత సెలవు దొరికేది ఎంతమందికి చెప్పండి, అందుకే ముక్కలు చేసుకోవాలి. మనోళ్ళు ముక్క ఎంచుకునేటప్పుడు చేసే తప్పేంటంటే ఎత్తు చూస్తారు. 3636 మీటర్లంట, బెంగాల్ మొత్తానికి అదే ఎత్తంట, అదెక్కేస్తే అయిపోయిందంట. నేను చెప్పేది ఎత్తు కాదు, దిగుడు చూడండి. ఎక్కడం ఎలాగో ఒకలాగ ఎక్కేస్తాం, ఆగి ఆగి, జీపెక్కైనా సరే. ఎక్కడ నుంచి దిగుతున్నారు అనేదాన్ని బట్టే ఆ ట్రిప్ మీకు గుర్తుండిపోయేది కొండలా, మోకాళ్ళా అన్నది తేలుతుంది.

సరే మొదటి ముక్క, మానేభంజన్ నుంచి తుమ్లింగ్. మానేభంజన్ 2100 మీటర్ల పైన ఉన్న చిన్న బజారు, న్యూ జల్పాయ్‌గురిలో రైలు దిగి మిరిక్ మీదుగా జీపులో నాలుగు గంటలు వేసుకోండి. పార్క్ టికెట్, గైడ్ అన్నీ ఇక్కడే, గైడ్ లేకుండా పంపరు. ఇక్కణ్ణుంచి చిత్రే దాకా మొదటి మూడు కిలోమీటర్లే నిలువు, రైలు దిగిన ఒళ్ళు ఇంకా ఊగుతుండగానే ఆ ఎక్కుడు మొదలవుతుంది, మా బావ అక్కడే "మరి నేను తిరిగెళ్ళిపోతా" అన్నాడు. చిత్రేలో బౌద్ధుల గుడి, దాని పక్కన టీ, ఆ తర్వాత మేఘ్మా దాకా పచ్చిక మీద మెల్లగా సాగే నడక. మేఘ్మా పేరుకి తగ్గట్టే ఎప్పుడూ మబ్బులోనే ఉంటుంది, మేం రెండుసార్లు వెళ్ళినా ఆ ఊరి ఇళ్ళు పూర్తిగా కనపడలేదు. మొత్తం 12 కిలోమీటర్ల చిల్లర, ఎక్కుడు 800 మీటర్ల పైన.

ఇక్కడ ఒక సంగతి. ఈ ముక్క పొడుగునా జీపు రోడ్డు ఉంది. మానేభంజన్ నుంచి సందక్‌ఫూ దాకా 31 కిలోమీటర్లు బండి పోతుంది, 1950ల నాటి ల్యాండ్ రోవర్లు ఇంకా కొన్ని మూలుగుతూ ఎక్కుతుంటాయి, ఇప్పుడు బొలేరోలు ఎక్కువ, రోడ్డు కూడా చాలా చోట్ల సిమెంటు వేసేశారు. కాలిబాట కొన్నిచోట్ల అడ్డదారిలో పోయి మళ్ళీ రోడ్డులోనే కలుస్తుంది. ప్రశాంతంగా నడుస్తుంటే వెనకాల నుంచి హారన్. సిమెంటు రోడ్డు మీద నడవడానికి బెంగాల్ దాకా ఎందుకు, బరంపురం బైపాస్ చాలు కదా అని మా బావ అన్నాడు గానీ, మేఘ్మా దాటాక తోంగ్లూ వైపు తిరిగే దారిలో మాత్రం ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

మరి ఈ ముక్క ఎవరికంటే, పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకి, రెండే రోజులు ఉన్నవాళ్ళకి. తుమ్లింగ్‌లో రాత్రి పడుకుని తెల్లారి లేస్తే కాంచన్‌జంగా పూర్తిగా కనిపిస్తుంది, ఎదురుగా, ఏ అడ్డమూ లేకుండా. పడుకున్న బుద్ధుడు అంటారు కదా, ఆ వరసంతా చూస్తే నిజంగానే మనిషి వెల్లకిలా పడుకున్నట్టు ఉంటుంది, పొట్ట కాంచన్‌జంగా, కాళ్ళ వైపు పాండిమ్, మొహం దగ్గరున్న శిఖరం పేరు కుంభకర్ణ. మా పిన్ని అది విని "పడుకున్నోడికి సరైన పేరే పెట్టారు" అని ఒకటే నవ్వు. పిన్నికి 60 దాటాయి, ఆవిడ చిత్రే దాకా జీపులో వచ్చి అక్కణ్ణుంచి తుమ్లింగ్ దాకా నడిచింది, అదీ చెప్పులు మార్చి బూట్లు వేసుకోమంటే అలిగి. మర్నాడు పొద్దున కొండ చూసి, మళ్ళీ జీపులో దిగి మిరిక్ వచ్చేసింది. ఆవిడకి ఏ లోటూ లేదు. సందక్‌ఫూ చూడలేదే అని ఇప్పటికీ అనలేదు.

రెండో ముక్క తుమ్లింగ్ నుంచి సందక్‌ఫూ. దీన్ని ఒక్క రోజులో లాగేద్దాం అని గ్రూపుల్లో కుర్రాళ్ళు అంటారు, వినకండి. తుమ్లింగ్ 2900ల్లో ఉంటుంది, అక్కణ్ణుంచి గైరీబాస్‌కి దిగుతారు, అది 2600 చిల్లర, అంటే నిన్న కష్టపడి ఎక్కిన దాంట్లో సగం దాకా ఇవాళ ఊరికే పోగొట్టుకుంటారు, ఆ తర్వాత మళ్ళీ కయ్యాకట్టా, కాలీపోఖ్రీ అంటూ 3100 దాకా ఎక్కాలి. గైరీబాస్ దగ్గర్నుంచి వెదురు అడవి, ఎర్ర పాండాలు ఉండేది ఇక్కడే. సింగలీలాని 1992లో నేషనల్ పార్క్ చేశారు, విస్తీర్ణం 78 చదరపు కిలోమీటర్ల పైన, అంత చిన్న అడవిలో పిల్లికంటే కాస్త పెద్దగా ఉండే ఆ ఎర్ర జంతువు కనపడుతుందని మా మేనకోడలు రెండు గంటలు మెడ పైకెత్తి నడిచింది. కనపడలేదు. ఏప్రిల్‌లో మాత్రం గురాస్ పూలు, రోడోడెండ్రాన్ అంటామే అవి, మన వైపు మోదుగు పూసినట్టు కొండంతా ఎర్రగా, దానికే ఆ పిల్ల పాండాని మర్చిపోయింది.

కాలీపోఖ్రీ అంటే నల్ల చెరువు. చెరువంటే మన సీతాసాగరం అంత ఊహించుకోవద్దు, కుంట అంతే, చుట్టూ జెండాలు కట్టి ఉంటాయి, చలికాలంలో కూడా గడ్డకట్టదని అక్కడోళ్ళు చెప్తారు, పవిత్రం అని కాళ్ళు పెట్టనివ్వరు. రాత్రికి ఇక్కడ ఆగాలి. ఎందుకంటే మిగిలిన ఆరు కిలోమీటర్లలో చివరి నాలుగు, బిఖేభంజన్ దాటాక, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. బిఖ్ అంటే విషం, మనం వసనాభి అంటామే ఆ మొక్క అక్కడ బాగా మొలుస్తుంది, సందక్‌ఫూ పేరుకి కూడా ఆ విషపు మొక్కల కొండ అనే అర్థం చెప్తారు. జీపుల పక్కనే నడక కాబట్టి ఈ ముక్కకి నేనైతే మార్కులు తక్కువే వేస్తా, కానీ దీన్ని నడిస్తేనే ఒంటికి ఎత్తు అలవాటవుతుంది, ఆ లెక్క మీద దీన్ని వదలకూడదు.

ఆ లెక్కేంటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనం సముద్రం పక్కన పుట్టిన జనం. బరంపురంలో రైలెక్కిన మనిషి న్యూ జల్పాయ్‌గురిలో దిగేటప్పటికి కూడా దాదాపు మైదానంలోనే ఉంటాడు. అక్కడ జీపెక్కి అదే రోజు సందక్‌ఫూ చేరితే ఒక్క పగట్లో మూడున్నర వేల మీటర్లు ఎక్కినట్టు. ఆ ఎత్తులో మన ఊళ్ళో పీల్చే గాలిలో మూడింట రెండు వంతుల ఆక్సిజనే అందుతుంది. నడిచినోడికంటే జీపులో వెళ్ళినోడికే తలనొప్పి, వాంతులు ఎక్కువ రావడానికి కారణం అదే, నడిచినోడు రెండు రాత్రులు మధ్యలో పడుకుని ఒంటికి టైమిచ్చాడు. తలనొప్పి వస్తే ఆ రాత్రి ఇంకా పైకి పోకూడదు, తగ్గకపోయినా, నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా చీకటైనా సరే కిందికి దిగిపోవాలి, మందు కంటే దిగడమే పని చేస్తుంది. ముందుగా వేసుకునే మాత్ర ఉంది గానీ అది మీ డాక్టర్ని అడిగి వేసుకోండి, సల్ఫా పడనివాళ్ళ సంగతి వేరే.

ఇంకోటి, ఇది మన గజపతి, రాయగడ, కోరాపుట్ వాళ్ళకి ప్రత్యేకంగా. మన వైపు సికిల్ సెల్ అని పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి, కొందరికి ఆ సంగతి తెలియనే తెలియదు. ఎత్తు మీద ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ రక్తకణాలు కొడవలిలా వంగిపోయి అడ్డం పడతాయి, జబ్బు ఉన్నవాళ్ళకే కాదు, పైకి ఏమీ లేకుండా అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్ళకి కూడా ప్లీహం దెబ్బతిని ఎడమ పక్క డొక్కలో విపరీతమైన నొప్పి రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉంటే బయల్దేరేముందు రక్తపరీక్ష చేయించుకోండి, ఉందని తేలితే డాక్టర్ ఏం చెప్తే అది. ఇంటర్నెట్‌లో సందక్‌ఫూ గురించి రాసే బెంగాలీ బాబులు ఈ సంగతి రాయరు, వాళ్ళకి అవసరం పడదు కాబట్టి.

సందక్‌ఫూ చేరారు. ఆ సాయంత్రం ఏమీ కనపడదు, మబ్బే. తెల్లవారు 5 గంటలకి లేచి బయటికొస్తే ఉత్తరాన కాంచన్‌జంగా 8586 మీటర్లు, పడమర వైపు ఎవరెస్ట్, లోత్సే, మకాలు, ప్రపంచంలో మొదటి ఐదు ఎత్తైన శిఖరాల్లో నాలుగు ఒక్కచోట నిలబడి చూస్తాం. ఎవరెస్ట్ చూడగానే గుర్తుపట్టేస్తాం అనుకోకండి, మకాలు దగ్గరగా ఉండటంతో అదే పెద్దగా కనిపిస్తుంది, మేం అరగంట సేపు మకాలుకే ఫొటోలు తీసి ఇంటికి పంపేశాం, గైడ్ చెప్పాక మళ్ళీ మెసేజ్‌లు పెట్టాం. 9 దాటితే మబ్బులు కమ్మేస్తాయి, తర్వాత చూసేది పక్క లాడ్జీ వాళ్ళు ఆరేసిన దుప్పట్లే. బళ్ళు ఇక్కడిదాకా వస్తాయి కదా, అందుకే సందక్‌ఫూ ఇప్పుడు కొండ మీద బజారు, సీజన్‌లో రాత్రి పదింటికి కూడా బ్లూటూత్ స్పీకర్లు మోగుతుంటాయి. అరవకండి బాబూ అని మా బావ లేచి వెళ్ళి చెప్పాడు. వాళ్ళు మన శ్రీకాకుళం వైపు కుర్రాళ్ళే, తెలుగు వినగానే స్పీకర్ ఆపేసి మాకు పల్లీ చిక్కీ పెట్టారు.

ఇప్పుడు అసలు కూడలి ఇక్కడే. సందక్‌ఫూ నుంచి మీ ముందు రెండు దార్లు. ఒకటి, గుర్దుం మీదుగా శ్రీఖోలాకి దిగిపోవడం, ఒక్క రోజులో పని అయిపోతుంది, నాలుగు రోజుల ప్యాకేజీలన్నీ ఇదే అమ్ముతాయి. రెండు, ఫాలుట్ వైపు ముందుకి పోవడం, ఇంకో మూడు రోజులు కావాలి.

గుర్దుం దారి గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తా. అడవి బాగుంటుంది, మనుషులు తగలరు, పిట్టల గోల, అవన్నీ నిజమే. కానీ 16 కిలోమీటర్లలో దాదాపు 1600 మీటర్లు దిగాలి, నేల మీద ఆకులు కుళ్ళి మెత్తగా ఉంటాయి, కింద వేళ్ళు, తడిస్తే జారుడు. మా ఆఫీసులో ఒకతను ఈ దారిలో దిగాడు, కొత్త బూట్లు, అదీ పాదానికి సరిగ్గా పట్టేవి కొన్నాడు, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకుని గుద్దుకుని రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడి నెలకి ఊడిపోయాయి. అతను తర్వాత పది రోజులు ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడు. బూటు ఒక సైజు పెద్దది తీసుకుని మందపాటి సాక్సు వేయాలి, దిగేముందు గోళ్ళు తీసెయ్యాలి, రెండు చేతుల్లో రెండు కర్రలుండాలి, ఇవి మూడూ ఉంటే గుర్దుం దిగొచ్చు. 40 దాటి మోకాలు ఒక్కసారైనా కిర్రుమన్నవాళ్ళు మాత్రం ఈ ముక్క జోలికి పోకండి, సందక్‌ఫూ నుంచి వచ్చిన దారినే జీపులో దిగడం చిన్నతనం ఏమీ కాదు.

ఇక ఫాలుట్. నన్నడిగితే సింగలీలా అంటే ఈ 21 కిలోమీటర్లే, మిగిలినదంతా దీనికి వచ్చే దారీ పోయే దారీ. సందక్‌ఫూలో బజారు వెనక్కి వెళ్ళిపోగానే గట్టు విశాలంగా పరుచుకుంటుంది, పొట్టి గడ్డి, అక్కడక్కడ పిడుగులు పడి ఎండిపోయిన దేవదారు లాంటి చెట్ల మోళ్ళు, పొద్దున్నంతా ఎడమ వైపు ఎవరెస్ట్ వరస, ఎదురుగా కాంచన్‌జంగా మనతోపాటే నడుస్తున్నట్టు. పెద్ద ఎక్కుళ్ళు లేవు, పైకీ కిందికీ ఊగుతూ పోతుంది, రెండు చివర్లకీ ఎత్తులో పెద్ద తేడా కూడా లేదు, ఫాలుట్ 3600 దగ్గర. రాళ్ళ బాట ఉంది, జీపు ఎప్పుడో ఒకటి పోతుంది గానీ మేం నడిచిన రోజు ఒక్కటీ రాలేదు. 14వ కిలోమీటర్ దగ్గర సబర్‌గ్రామ్, అక్కణ్ణుంచి ఇంకో ఏడు.

చెప్పాల్సిన కష్టాలు రెండున్నాయి. నీళ్ళు, ఈ దారిలో దొరకవు, మనిషికి కనీసం మూడు లీటర్లు సందక్‌ఫూలోనే నింపుకోవాలి. గాలి, అది ఎప్పుడూ ఉంటుంది, మధ్యాహ్నం దాటాక మాట్లాడితే పక్కోడికి వినపడదు. దార్లో హోటళ్ళు ఉండవు కాబట్టి తిండి కట్టుకోవాలి. మేం కాలీపోఖ్రీలో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, పలాస జీడిపప్పు, బరంపురం నుంచి మోసుకొచ్చిన మామిడికాయ పచ్చడి, ఇవే తిన్నాం. బంగాళాదుంపకి ఆవపిండి పచ్చడి రాసి గైడ్‌కి ఇచ్చాను, అతను మూడు తిని ఇంకా ఉందా దాయి అన్నాడు, దాయి అంటే అన్నయ్య. వాళ్ళ భాష నేపాలీ. మనకి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా కదా, ఆ ఒడియా ఇక్కడ పనికొచ్చింది, భాతొ, పాణి, ఆళు అని మనం అన్నా వాళ్ళకి అర్థమైపోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన గ్రూపొకటి చేతులు ఊపుతుంటే మేమే మధ్యలో తర్జుమా చేశాం.

ఫాలుట్‌లో పడక తక్కువ, ముందే చెప్పించుకోకపోతే వరండాయే గతి. నవంబర్‌లో రాత్రి బకెట్లో నీళ్ళ మీద పొర కట్టింది. మంచి స్లీపింగ్ బ్యాగ్ ఇస్తాం అని మాకు బుకింగ్ చేసినవాళ్ళు చెప్పారు గానీ చేతికొచ్చింది జిప్పు పోయినది, నేనూ బావా ఒకే రజాయిలో వీపులు ఆనించి పడుకున్నాం, పెళ్ళప్పుడు కట్నం దగ్గర వాళ్ళ నాన్న పెట్టిన పేచీతో సహా ఆ రాత్రి అన్నీ మాట్లాడేసుకున్నాం. తెల్లారి పైకెక్కితే బెంగాల్, సిక్కిం, నేపాల్ మూడూ కలిసే చోట నిలబడ్డాం, కాంచన్‌జంగా సందక్‌ఫూలో కంటే బాగా దగ్గరికి వచ్చేసింది. అక్కడ మాతో ఇంకో ఆరుగురే ఉన్నారు.

దిగుడు అన్నాను కదా, ఇక్కడే చూడండి. ఫాలుట్ నుంచి గోర్ఖే 15 కిలోమీటర్లు, ఇదీ 1300 మీటర్లు దిగాలి, కాగితం మీద గుర్దుంకీ దీనికీ పెద్ద తేడా కనపడదు. కానీ దీంట్లో దిగుడు పరుచుకుని ఉంటుంది, గురాస్, వెదురు, తర్వాత పైన్ చెట్లు, బాట చాలా వరకు కాలు నిండా పెట్టి నడిచేలా ఉంటుంది. ఎక్కడా జారలేదు. నాకు ఆ సాయంత్రం పిక్కలు నొప్పి పుట్టాయి గానీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. చివర్లో కింద వాగు చప్పుడు వినపడుతుంది, ఇళ్ళ పైకప్పులు కనిపిస్తాయి, అదే గోర్ఖే, వాగు దాటితే సిక్కిం. మొక్కజొన్న కంకులు చూరుకి వేలాడదీసి ఉన్నాయి, మన ఏజెన్సీ ఊళ్ళల్లో లాగే. సాయంత్రం పెద్దాయన ఒకాయన తోంబా పోశాడు, చోళ్ళు పులియబెట్టి వెదురు గొట్టంలో వేసి వేడి నీళ్ళు పోసి పుల్లతో పీలుస్తారు. కోరాపుట్‌లో మండియా అంబలి తాగినోళ్ళకి ఆ వాసన కొత్త కాదు. ఒంటికి వేడిగా ఉంటుంది కానీ పైన, ఎత్తులో మాత్రం మందు వద్దు, గోర్ఖే దిగాకే.

ఆ తర్వాత గోర్ఖే నుంచి సామండెన్, రమ్మం మీదుగా శ్రీఖోలా. సామండెన్ గిన్నెలాంటి చదునులో చక్కటి ఊరు, రమ్మం దాకా అడవి, తర్వాత ఊళ్ళు. బాగుంటుంది, అంతే. టైం లేకపోతే ఆ రోజు మిగుల్చుకుని గోర్ఖే నుంచి సిక్కిం వైపు నడిచి జీపు పట్టుకోవచ్చేమో గైడ్‌ని అడగండి, మాతో ఉన్న ఇద్దరు అలాగే వెళ్ళారు.

ఇదే వరస మీద ఇంకో ముక్క ఉంది, మనోళ్ళకి పెద్దగా తెలియదు. సిక్కింలో బర్సే గురాస్ అభయారణ్యం, 104 చదరపు కిలోమీటర్లు, ఇదీ సింగలీలా మీదే. హిల్లే దాకా బండి, అక్కణ్ణుంచి బర్సేకి నాలుగు కిలోమీటర్లు దాదాపు చదునుగా నడక. పదేళ్ళ పిల్లలతో, మోకాళ్ళు అరిగిన అమ్మానాన్నలతో ఏప్రిల్‌లో వెళ్ళాలంటే నేను తుమ్లింగ్ కంటే ముందు దీన్నే చెప్తా. ఎవరెస్ట్ కనపడదు, అది మాత్రం ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే ఇంటికొచ్చాక మాటలు పడాలి.

కాలం సంగతి. పార్క్ జూన్ 16 నుంచి సెప్టెంబర్ 15 దాకా మూసేస్తారు, ఆ సంగతి తెలియక జూన్ చివర్లో టికెట్ తీసిన ఒక కుటుంబం నాకు తెలుసు, పాపం డార్జిలింగ్‌లో వానలో టీ తాగి వచ్చేశారు. కొండలు కావాలంటే అక్టోబర్ చివర, నవంబర్. పూలు కావాలంటే ఏప్రిల్. రెండూ కావాలంటే రెండుసార్లు వెళ్ళడమే, ఏప్రిల్‌లో పొద్దున్న ఆరింటికే మబ్బు పట్టేస్తుంది, మాకు ఎవరెస్ట్ ఆ ట్రిప్‌లో పది నిమిషాలు కనపడింది. జనవరిలో మంచు పడుతుందని ఉత్సాహపడేవాళ్ళు ముందు ఒక శీతాకాలం దారింగిబాడిలో రాత్రి బయట పడుకుని చూడండి, అది నచ్చితే దానికి రెట్టింపు చలికి సిద్ధమవ్వండి.

ప్రాక్టీసుకి మనకి దగ్గర్లోనే మంచి కొండలున్నాయి. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తు, కానీ రోడ్డు పైదాకా పోయింది కాబట్టి నడకకి కాదు, చలిగాలి అలవాటుకి. మహేంద్రగిరి 1501, శివరాత్రికి భీముడి గుడికీ కుంతి గుడికీ జనం ఎలా ఎక్కుతారో చూశారు కదా, అలాగ ఎనిమిది కేజీల బ్యాగు తగిలించుకుని నెలలో నాలుగు ఆదివారాలు ఎక్కండి. ఎక్కడం కంటే దిగేటప్పుడు మోకాలు ఏం చెప్తుందో వినండి, రెండో రోజు పొద్దున్న మెట్లు దిగగలిగితే మీరు ఫాలుట్‌కి సరిపోతారు, పట్టుకుని దిగాల్సొస్తే తుమ్లింగో బర్సేనో.

నాలుగే రోజులున్నాయి, కుర్రాళ్ళం, ఏం చేయమంటావ్ అని చాలామంది అడుగుతారు. అప్పుడు నేను చెప్పేది, మానేభంజన్ నుంచి తుమ్లింగ్ నడవండి, మర్నాడు కాలీపోఖ్రీ దాకా జీపు పట్టుకుని అక్కడే ఆగి చుట్టుపక్కల తిరగండి, మూడో రోజు సందక్‌ఫూ ఎక్కి రాత్రి పడుకోండి, నాలుగో రోజు తెల్లారగట్ల కొండలు చూసుకుని ఫాలుట్ దారిలో ఐదారు కిలోమీటర్లు పోయి వెనక్కొచ్చి జీపులో దిగిపోండి. ప్యాకేజీ వాళ్ళు దీనికి ఒప్పుకోరు, వాళ్ళకి గుర్దుం దారే సులువు. మానేభంజన్‌లో నేరుగా గైడ్‌ని మాట్లాడుకుంటే ఒప్పుకుంటారు. ఆ ఐదారు కిలోమీటర్ల కోసం మళ్ళీ ఆరు రోజుల సెలవు పెట్టి వస్తారని మాత్రం నా పందెం.

మా బావ ఇప్పటికీ నాతో ఒప్పుకోడు, గోర్ఖేలో వాగు పక్కన రెండు రోజులు కూర్చోవడమే అసలు ట్రిప్, గట్టు మీద ఆ గాలికి చెవులు పోగొట్టుకోవడం కాదు అంటాడు. వచ్చే నవంబర్‌కి బరంపురం నుంచి టికెట్లు తీశాం. ఆయన సిక్కిం వైపు నుంచి నేరుగా గోర్ఖేకి వస్తాడంట, నేను ఫాలుట్ నుంచి దిగుతాను, పచ్చడి సీసా ఎవరు మోయాలనేదొక్కటే ఇంకా తేలలేదు.